వేసవికి బొంత, మృగశిరకు విత్తనం

ప్రశ్న: అనంతపురంలో ఉంటాను. పోయినేడు టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. బీరువాలో మా అమ్మవీ నావీ పాత నూలు చీరలు చాలా ఉన్నాయి. వాటితో బొంతలు కుట్టాలని, మిద్దె మీద కూరగాయలు పెంచాలని రెండూ మొదలుపెట్టాను. డిసెంబరులో పట్టిన బొంతను అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తే మధ్యలో ఉబ్బి ముడతలు పడింది. ఫిబ్రవరి ఆఖర్లో నల్ల సంచుల్లో నాటిన టమేటా, బీర ఏప్రిల్‌కల్లా పూత రాల్చి ఎండిపోయాయి. మాకు బోరు నీళ్లే దిక్కు. ఏడాది పొడవునా రెండూ సాగేలా ఏదైనా పద్ధతి చెప్పండి. మా అమ్మాయికి కాన్పు దగ్గరపడింది, పుట్టబోయే బిడ్డకు కూడా ఒక చిన్న బొంత కుట్టాలని ఉంది.

జవాబు: అమ్మా, మీ చేతిలో లోపం లేదు. కాలం తిరగబడింది, అంతే. మన సీమలో తోటకు అన్నిటికన్నా మంచి నెల డిసెంబరు. ఆ నెలలో మీరు బొంత ముందు కూర్చున్నారు. ఏప్రిల్, మే నెలల్లో పగలు పదకొండు నుంచి ఐదు దాకా మిద్దె ఎక్కలేం. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని సూది పట్టడానికి అంతకు మించిన సమయం ఉండదు, అప్పుడేమో మీరు మొక్కలకు నీళ్లు మోస్తున్నారు. జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె నుంచి శివరాత్రి దాకా తోట, శివరాత్రి నుంచి మళ్లీ మృగశిర దాకా బొంత అని పెట్టుకోండి. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు మధ్యే పడుతుంది, అదీ సెప్టెంబరులో ఎక్కువ. ఆ వాన చుట్టూ తోటను అల్లుకోవాలి తప్ప మన తీరికను బట్టి కాదు.

ముందు బొంత సంగతి. అది ఎందుకు ఉబ్బిందంటే, సూది దిగిన ప్రతిసారీ పై పొర వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. నాలుగు వైపులా అంచులు కుట్టేశాక ఆ జరిగిన గుడ్డకు బయటికి పోయే దారి ఉండదు, అంతా నడిమధ్యకు చేరుతుంది. అంచు నుంచి చుట్టూ తిరుగుతూ కుట్టే పాతకాలపు వాళ్లు ముందుగా దగ్గరదగ్గరగా కచ్చా కుట్టు వేసి పొరలను కదలకుండా బిగించేవాళ్లు. ఆ పని వదిలేసి అంచు నుంచి మొదలుపెడితే ఎవరికైనా ఇలాగే అవుతుంది. మీ బొంతను విప్పి పారేయకండి. పక్కపక్కన ఉన్న రెండు వైపులా అంచు నుంచి ఉబ్బిన చోటి దాకా ఉన్న కుట్లు మాత్రం తీసేయండి. ఉబ్బిన చోటి నుంచి ఆ రెండు వైపులూ కలిసే మూలకు అరచేత్తో గుడ్డను నెట్టుకుంటూ పోండి. సదరయ్యాక కచ్చా కుట్టు వేసి, విప్పిన వరసలు మళ్లీ కుట్టి, బయటికి వచ్చిన ఎక్కువ గుడ్డను కత్తిరించి, అప్పుడు అంచు మూయండి.

కొత్తగా కుట్టేదానికి చీరల ఎంపిక దగ్గరే సగం పని ఉంది. నూలో కాదో అనుమానం ఉంటే ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసన వేసి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. రెండూ ఒకే బొంతలో వద్దు, ఎందుకంటే ఉతికినప్పుడు నూలు కుంచించుకుంటుంది, పాలిస్టరు కుంచించుకోదు. ధర్మవరం పట్టుచీర మీద ఎంత మమకారం ఉన్నా దాన్ని ఇందులో కలపకండి. జరీ పక్క పొరను గీరుతుంది, పట్టేమో ఇంటి ఉతుకుడుకు తట్టుకోదు. చీరను వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే కుచ్చిళ్ల దగ్గర, మోకాళ్ల దగ్గర అరిగిన చోటు తెలిసిపోతుంది. రెండు చేతులతో కొంచెం లాగితే చిరిగే గుడ్డ పైకి పనికిరాదు, మధ్య పొరలో మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది.

ఫాల్ విప్పేయండి. గంజి పూర్తిగా పోయేలా వేడినీళ్లలో ఉతికి ఆరేయండి. గంజి మిగిలితే బొద్దింకలు, గుడ్డను కొరికే పురుగులు చేరతాయి. ఎరుపు, ముదురు నీలం చీరల మీద తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే ఇంకో రెండు ఉతుకులు వేయండి, అప్పటికీ వదలకపోతే ఆ చీరను పక్కన పెట్టేయండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందన్న మాటను నమ్ముకోవద్దు.

కొలతలకు వస్తే, చీర పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా సుమారు 46 అంగుళాలు. 90 అంగుళాల చొప్పున కత్తిరిస్తే ఒక్కో చీరకు రెండు పలకలు వస్తాయి, చెంగు దగ్గర కొంత మిగులుతుంది. ఒక మంచానికి సరిపోయే బొంతకు ఒక్కో పొరలో ఒక నిండు పలక, నిలువుగా చీల్చిన ఒక సగం పలక పక్కపక్కన కలిపి కుట్టాలి. అంటే మూడు చీరలకు నాలుగు పొరలు తయారవుతాయి. మొదటి పొరలో అతుకు కుడివైపుకు వస్తే రెండో పొరలో ఎడమకు రానివ్వండి. నాలుగు అతుకులూ ఒకదాని మీద ఒకటి పడితే అక్కడ సూది దిగదు, పడుకుంటే వీపుకు గట్టు తగులుతుంది. మన చలికి నాలుగు పొరలు చాలు. దూది పెట్టాలని చాలామంది అడుగుతుంటారు. కుట్టు వరసలు ఎడంగా ఉంటే దూది రెండు ఉతుకుల్లో ఉండలు కడుతుంది, కాబట్టి ఉతికి వాడుకునే బొంతకు గుడ్డ పొరలే మేలు.

పొరలు పరవడానికి కడప బండల నేల బాగుంటుంది, చల్లగా, సమంగా ఉంటుంది. అడుగు పొరను తిరగేసి పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. లాగి బిగించకూడదు, ముడత లేకుండా సదరాలి, అంతే. ఒక్కో పొర వేసినప్పుడల్లా మధ్య నుంచి అంచులకు అరచేత్తో తోయండి. తర్వాత నడిమధ్యన నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి కచ్చా కుట్టు వేసి, అక్కడి నుంచి జానెడు దూరాన గళ్లు గళ్లుగా అంచుల దాకా పోవాలి. కుట్టు రెండంగుళాల పొడవు ఉన్నా ఫర్వాలేదు, చివర్లో తీసేసేదే. ఒక పూట పనే గానీ, మీ బొంత ఉబ్బకుండా కాపాడేది ఇదే.

అసలు కుట్టు కూడా మధ్య వరస నుంచే మొదలుపెట్టండి. ఒక వరస కుడికి, ఒక వరస ఎడమకు పెంచుకుంటూ పోండి. వరసల మధ్య అంగుళం ఎడం, అంగుళానికి నాలుగైదు కుట్లు. బియ్యపు గింజంత కుట్టు పైనా కిందా ఒకేలా కనబడితే చెయ్యి కుదిరినట్టే. నూలు దారమే వాడండి. నైలాన్ దారం తెగదు గానీ పాత గుడ్డను కోస్తుంది, ఏడాదికి కుట్టు నిలిచి గుడ్డ చిరుగుతుంది. దారం మూరెడుకు మించి తీసుకోవద్దు, పొడుగైతే చిక్కుపడుతుంది, గుడ్డలో మాటిమాటికీ దూరి మధ్యలో అరుగుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి దారాన్ని ఈడిస్తే జారుగా నడుస్తుంది. ముడిని పొరల మధ్యకు లాగేయండి, పైకి కనబడదు, ఉతికినప్పుడు ఊడదు. నాలుగు పొరలకు నడివేలికి తొడుగు లేకపోతే రెండో రోజుకే వేలు పుండవుతుంది.

65 అంగుళాల వెడల్పుకు సుమారు 65 వరసలు పడతాయి. రోజుకు రెండు వరసలు కుడితే నెల మీద కొన్ని రోజులకు పూర్తవుతుంది. శివరాత్రి దాటాక మొదలుపెట్టినా మృగశిర లోపు రెండు బొంతలు సులువుగా తేలతాయి. అంచుకు పాత నూలు చీర అంచునే మడిచి కుట్టండి, చీరలో అన్నిటికన్నా గట్టి నేత అక్కడే ఉంటుంది. చీరలు చాలకపోతే ఎమ్మిగనూరు చేనేత దుప్పటి ఒకటి కొని అడుగు పొరకు వాడవచ్చు, ముందు ఉతికి ఆరేశాకే సుమా. రాయదుర్గం వైపు నుంచి చవగ్గా దొరికే జీన్స్ ముక్కలను మాత్రం బొంతలోకి రానివ్వకండి. వాటిని రెండు పొరలుగా కుట్టి మిద్దె మీద కూర్చోవడానికి మెత్తలాగా, బకెట్లు ఎత్తేటప్పుడు చేతికి పట్టుగా వాడుకోండి.

ఇక మిద్దె. అన్నిటికన్నా ముందు ఇంటి పైకప్పు ఏదో చూడండి. 20 లీటర్ల పెయింటు బకెట్టులో తడి మట్టి నింపితే పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది. పాత మట్టి మిద్దె, నాపరాళ్లు పరిచిన మిద్దె అయితే పైన బకెట్లు పెట్టవద్దు, పెరట్లోనో వాకిట్లోనో పెట్టుకోండి. కాంక్రీటు స్లాబైతే గోడల మీదుగా, దూలాల మీదుగా వరసగా పెట్టండి, మధ్యలో గుంపుగా వద్దు. ప్రతి బకెట్టు కిందా రెండు ఇటుకలు ఉండాలి. మేలో స్లాబు వేడి అడుగు నుంచి ఎక్కి వేళ్లను ఉడికిస్తుంది. మీ నల్ల సంచుల్లో జరిగింది కూడా ఇదే. పైన ఎండ, పక్కన నలుపు లాక్కున్న వేడి, కింద స్లాబు. దానికి తోడు పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమేటా పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. ఎన్ని నీళ్లు పోసినా ఆ పూత నిలవదు. ఉన్న సంచులకు బయట సున్నం కొట్టండి, లేదా తెల్ల బకెట్లు తెచ్చుకోండి.

మట్టి కలపడం మేలో చేయాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన దిబ్బ ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, బకెట్టుకు గుప్పెడు వేపపిండి. ఎరువులో వేడి ఉంటే మాగలేదని అర్థం, అది వేళ్లను కాలుస్తుంది. నల్లరేగడి మాత్రం బకెట్టులోకి వద్దు, ఎండితే పగుళ్లిచ్చి గోడను వదిలేస్తుంది, పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. పోయినేటి పాత మట్టిని పారేయనక్కర్లేదు. తడిపి, జానెడు మందాన పరిచి, వెలుతురు దూరే పారదర్శకమైన పలచటి పాలిథిన్ కప్పి అంచులు గాలి దూరకుండా మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో ఉంచండి. ఎండుతెగులు శిలీంధ్రం, వేరుపురుగు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. మన ఎండ మనకు చేసే మేలు ఇదొక్కటి, దీన్ని వదులుకోకండి.

మృగశిర వానకు బీర, సొర, కాకర, మటిక్కాయ (గోరుచిక్కుడు), అలసంద, గోగాకు (గోంగూర), తోటకూర విత్తండి. వంగ, మిరప, టమేటా నారు అప్పుడే పోసుకోవచ్చు. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి గట్టిగా వీస్తుంది, రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగేది ఈ గాలికే. అందుకని పందిరి ముందు వేసి విత్తనం తర్వాత పెట్టండి. తీగలను కట్టడానికి ప్లాస్టిక్ తాడు వద్దు, బొంతకు పనికిరాని నూలు పీలికలు రెండు వేళ్ల వెడల్పున చింపి వదులుగా కట్టండి, కాడ కోసుకోదు. బీరకు మొదట్లో గుత్తులుగా వచ్చేవన్నీ మగపూలే, అవి రాలిపోతే దిగులు పడకండి. తర్వాత అడుగున చిన్న పిందెతో ఒంటిగా వచ్చేది ఆడపువ్వు. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర తెల్లవారుజామున. తేనెటీగలు రాని మిద్దె అయితే ఆ వేళకు మగపువ్వు తుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో రుద్దండి. పిందె పసుపుపచ్చగా మారి కుళ్లిపోవడానికి చాలాసార్లు కారణం పుప్పొడి అందకపోవడమే, మందు కొట్టే జబ్బు కాదు.

జూలై ఆఖరు నుంచి ఆగస్టు లోపు అనప (చిక్కుడు జాతి అనుములు) వేయండి. పగటిపొద్దు తగ్గితేనే అది పూస్తుంది, కాబట్టి తొందరపడి ముందు వేసినా తీగ పెరగడమే తప్ప లాభం లేదు. సంక్రాంతికి అనపగింజలు చేతికొస్తాయి. చామంతి పిలకలు కూడా జూన్, జూలైలో నాటి, నెలకు తల తుంచితే కొమ్మలేసి కార్తీకం నుంచి పూస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో రెండో విడత. టమేటా నారు మళ్లీ నాటండి, ఈసారి నిలుస్తుంది. పాలకూర, ముల్లంగి, మెంతి, కొత్తిమీర అన్నీ ఇప్పుడే. ధనియాలను చెప్పుతో రుద్ది రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి, ఎనిమిది నుంచి పన్నెండు రోజులకు మొలుస్తాయి. ఏప్రిల్‌లో అదే ధనియాలు సరిగా మొలవవు, మొలిచినా ఆకు వేయకుండా పూతకు పోతాయి. టమేటా కాయ అడుగున నల్లగా నొక్కుకుపోతే అది పురుగు కాదు. ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచడం వల్ల కాయకు కాల్షియం అందక వచ్చే లోపం, రోజూ ఒకే కొలతగా నీళ్లు పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. మందారానికీ వంగకూ తెల్లటి పిండినల్లి పడితే, లీటరు నీళ్లకు వేపనూనె 5 మిల్లీలీటర్లు, ముందుగా కొద్దిపాటి సబ్బునీళ్లలో గిలక్కొట్టి కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

గుండుమల్లెకు నవంబరులో నీళ్లు తగ్గించి, డిసెంబరులో మోకాలెత్తుకు కత్తిరించి, పాత ఆకు దూసేసి, ఎరువు వేసి మళ్లీ నీళ్లు కట్టాలి. మార్చి నుంచి మొగ్గ తొడుగుతుంది. కత్తిరించడానికి మనసొప్పక వదిలేసిన మల్లె ఆకులకే పరిమితమవుతుంది.

బోరు నీళ్ల విషయం. మట్టి మీద తెల్లటి పొర, ఆకు కొసలు మాడటం కనబడితే ఉప్పు పేరుకుందన్నమాట. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే ఇది ఇంకా పెరుగుతుంది. మూడు వారాలకొకసారి బకెట్టు అడుగు నుంచి ధారగా కారేదాకా నిండుగా పోసి, ఆ నీళ్లను బయటికి పోనివ్వండి. వాన నీళ్లు పట్టుకోవడం ఇంకా మేలు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు మిద్దె మీద ఒక సెంటీమీటరు వాన పడితే 90 లీటర్ల పైనే వస్తాయి. మొదటి వాన మట్టిని కడిగి పోనిచ్చి, రెండో వాన నుంచి డ్రమ్ములోకి మళ్లించండి, దోమలు చేరకుండా మూతికి పాత నూలు గుడ్డ కట్టండి.

శివరాత్రి దాటాక కొత్తగా టమేటా పెట్టవద్దు. తోటకూర, బెండ, మటిక్కాయ, కరివేపాకు, మల్లె, కనకాంబరం ఉంటే చాలు. పైన 50 శాతం నీడ వల కట్టండి. వెంటనే దొరక్కపోతే లేతరంగు పాత చీర ఒంటి పొరగా కట్టినా ఏప్రిల్ గడుస్తుంది. మట్టి మీద రెండంగుళాల మందాన బుడ్డల (వేరుశనగ) పొట్టు పరిస్తే తడి ఎక్కువసేపు నిలుస్తుంది. బకెట్లలో ఫర్వాలేదు గానీ, నేల మీద మొక్కలకు పరిస్తే చెదలు వస్తాయి, అక్కడ వేపాకు కలపండి. నీళ్లు ఉదయం ఏడు గంటల లోపే పోసేయాలి.

తోట పూలు బొంతలోకి ఎక్కించే పని ఒకటుంది, జనవరిలో బంతిపూలు దండిగా ఉన్నప్పుడు చేయండి. పావుకిలో తూగే తెల్లటి నూలు పంచెను చాకలిసోడాతో ఉతకండి. 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, జాడించకుండా ఆరేయండి. మరునాడు 35 గ్రాముల పటికను వేడినీళ్లలో కరిగించి అందులో ఒక రోజు ఉంచండి. అరకిలో పచ్చి బంతిరేకులను స్టీలు గిన్నెలో గంటసేపు సన్నటి మంట మీద ఉడికించి, వడకట్టి, పంచెను అందులో ముంచి ఇంకో గంట కదుపుతూ ఉంచితే పసుపు పడుతుంది. ఇనప గిన్నె వాడితే రంగు మురికి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎండకు ఈ రంగు వెలుస్తుంది కాబట్టి అడుగు పొరకు వాడి, నీడలో ఆరేయండి.

పసిబిడ్డ బొంతకు మూడు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు, మూడే పొరలు చాలు. మీ అమ్మగారి చీరల్లో అన్నిటికన్నా మెత్తబడినది పై పొరకు తీసుకోండి. బంతి రంగు గుడ్డ, ముదురు రంగులు, జరీ, పూసలు, వేలాడే కుచ్చులు వద్దు, బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. వరసల మధ్య ముప్పావు అంగుళం ఎడం ఉంచితే ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. ఏడాది లోపు బిడ్డకు దీన్ని కప్పకండి, చాప మీద పలచగా పరిచి పడుకోబెట్టండి. రెండు కుట్టి ఉంచుకోండి, ఒకటి ఉతికి ఆరేసరికి ఇంకొకటి కావాల్సి వస్తుంది. ఆరేసేటప్పుడు ఒక అంచు పట్టుకుని వేలాడదీస్తే తడి బరువుకు కుట్లు సాగుతాయి, రెండు తీగల మీద వెడల్పుగా వేయండి.